లోపలి రెండంగుళాలు

తన పెళ్ళికి కుట్టిన గౌనుని తిరగేసి చూడగానే ఆమె ముఖం జేవురించింది.

ఆ దర్జీ కొట్టు అతని తల్లిది. లోపలి గదిలో మిషను మీద ఆవిడ; కత్తిరింపు అతనిది, చేతికుట్టు ఆమెది. నాలుగేళ్ళుగా ఒకే బల్లకి చెరోవైపు. వచ్చే నెలలో వాళ్ళిద్దరి పెళ్ళి.

“ఏమిటిది?” పక్కకుట్టు మీద వేలు పెట్టి అడిగింది. “కస్టమర్లకి లోపల అరంగుళం గుడ్డ వదులుతావు. నాకు రెండంగుళాలా?”

“నీకు కదా మరి!” నవ్వాడు.

“అంటే ఇంకా లావెక్కుతానని ముందే అనుకున్నావన్నమాట. ఎవరు చెప్పారు? డాక్టరమ్మా?”

అతని నవ్వు ఆగిపోయింది. “ఏ డాక్టరమ్మ?”

నోరు జారానని ఆమెకి అప్పుడు తెలిసింది. ఇక దాచి లాభం లేదు.

“నాకు పీసీఓఎస్ అట. నాలుగు నెలలుగా నెలసరి లేదు. మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, ఈ ఒళ్ళు... వేటికవే అనుకుని ఒక్కోదానికి ఒక్కో క్రీము రాసుకుంటూ కూర్చున్నాను. అన్నీ ఒకటేనట. పేరులో అండాశయాలని ఉన్నా, తేడా ఒళ్ళంతటా ఉందట. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదు, మగ హార్మోన్లు ఎక్కువయ్యాయి. ముందుముందు షుగర్ రాకుండా చూసుకోవాలట.”

“తగ్గుతుందా?”

“పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. పిల్లలు... చాలామందికి పుడతారట. మందులు కావాలేమో, ఆలస్యమవుతుందేమో. అందుకే పెళ్ళి వద్దని చెబుదామని రెండు వారాలుగా...”

అతను చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టాడు.

“నాకు ఇవేవీ తెలియవు,” అన్నాడు. “నువ్వు లావయ్యావో చిక్కావో కూడా చూసుకోలేదు. ఇంట్లోవాళ్ళ బట్టలకి రెండంగుళాలు వదలమని అమ్మ నేర్పింది. ఏళ్ళ తరబడి తొడుక్కునేవి కదా, కావాలంటే విప్పి వదులు చేసుకోవచ్చని. నువ్వు మా ఇంటి మనిషివై ఎన్నాళ్ళయిందనుకున్నావు, పిచ్చిదానా? రెండు వారాలు ఒక్కదానివే మోశావా?”

“భయం వేయడం లేదా నీకు?”

“వేస్తోంది. నువ్వు లేకపోతే ఇంకా వేస్తుంది. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?”

“గురువారం.”

“గురువారం కొట్టు...”

“కొట్టు నేను చూస్తాలేరా!”

లోపల మిషను ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. అతని తల్లి వచ్చి ఆమె భుజం మీద చేయి వేసింది.

“నాకు షుగర్ వచ్చి ఎనిమిదేళ్ళు. వీడు నన్ను ఇంట్లోంచి పంపేశాడా? ఇద్దరూ వెళ్ళి రండి. డాక్టరమ్మ చెప్పేది వీణ్ణి కూడా చెవులారా విననీ.”

“సరే, అత్తయ్యా,” అంది ఆమె.

నాలుగేళ్ళుగా ఆవిడని మేడమ్ అనే పిలిచింది. అత్తయ్య అన్న మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి.