వెనిగర్‌లో వసనాభి

"ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి తొమ్మిది మంది చావబోతున్నారు. మనం ఆపకపోతే."

సెక్షన్ నైన్ చీఫ్ భానుమూర్తి ఆ మాట అని టీ కప్పు కింద పెట్టాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది ఆయన ఆఫీసు. కింద రెండొందల మంది గ్రూప్స్ అభ్యర్థులు రాజ్యాంగ సవరణలు వల్లె వేస్తుంటే, పైన దేశ రహస్యాలు మాట్లాడుకుంటున్నారని ఎవరికి అనుమానం వస్తుంది!

ఏజెంట్ మహిపాల్ మాత్రం ఆ తొమ్మిది మంది గురించి ఆలోచించడం లేదు. పక్క కుర్చీలో ఉన్న ఏజెంట్ అభిరామ్ సూట్ వైపు చూస్తున్నాడు. నేవీ బ్లూ. కొత్తది. దాని మీద భావన వాడే సెంటు వాసన. మహిపాల్ కడుపు మండిపోయింది.

"మీకు తెలిసిందే, అయినా మళ్లీ చెప్తున్నా. చైనా సంప్రదాయ వైద్యంలో ఎజూ అని ఒక దుంప ఉంది," అన్నాడు భానుమూర్తి. "మన కచ్చూరాలకు దగ్గరి చుట్టం. వెనిగర్‌లో ఉడకబెట్టి, ముక్కలు కోసి, ఎండబెట్టి కషాయం కాస్తారు. లివర్ కేన్సర్ మీద అది పనిచేసే అవకాశం ఉందని ఎల్బీనగర్ రీసెర్చ్ హాస్పిటల్లో డాక్టర్ నాగేశ్వరి గారు ఎలుకల మీద తేల్చారు. ఈరోజు మొదటిసారి మనుషుల మీద ట్రయల్."

"ఆ మందుల దొంగల ముఠా, ఆర్కిడ్ రింగ్, ఈరోజు ఏం చేయబోతోంది సార్?" అభిరామ్ అడిగాడు.

"ఆవిడ తయారీ పద్ధతి వాళ్లకి కావాలి. ఆవిడ ఇవ్వనన్నారు. ఇవాళ కషాయం ప్యాకెట్లు మార్చేస్తారు. పేషెంట్లు పోతే ట్రయల్ మూతపడుతుంది, ఆవిడ పరువు పోతుంది, అప్పుడు చవగ్గా కొట్టేస్తారు. జెనీవాలో కూర్చున్న ఒక పెద్దమనిషి ప్లాన్ ఇది. మనకి చెప్పింది భావన."

భావన డబుల్ ఏజెంట్. ఆర్కిడ్ రింగ్‌లో ఉంటూ సెక్షన్ నైన్‌కి కబుర్లు చేరవేస్తుంది. చీర కట్టినా జీన్స్ వేసినా కారిడార్లో నడుస్తుంటే నర్సులు కూడా తల తిప్పి చూస్తారు. ఆమెతో కాంటాక్ట్ డ్యూటీ అభిరామ్‌కి పడింది. కాఫీ షాపులు, కారు, ఫార్మా కంపెనీ ఎగ్జిక్యూటివ్ వేషం. మహిపాల్‌కి పడింది హాస్పిటల్ వంటగది. నలభై రోజులుగా ఎలుకలకిచ్చే కషాయాలు కాసేవాడి వేషంలో ఒళ్లంతా వెనిగర్ కంపు కొడుతున్నాడు. ఇచ్చిన గాడ్జెట్ కూడా గరిటె. దాని పిడిలో కెమెరా ఉందట.

"మహిపాల్ స్టవ్ దగ్గర, అభిరామ్ వంటగది బయట కారిడార్లో. డేంజర్ అయితే కోడ్ 'కర్మన్‌ఘాట్ బస్సొచ్చింది'. ఏం జరిగినా పోస్టు వదలొద్దు," అన్నాడు భానుమూర్తి.

"వదలం సార్," అన్నారు ఇద్దరూ. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పదిన్నరకి వంటగదిలో మహిపాల్ ఫోన్ మోగింది. భావన మెసేజ్.

'అభిరామ్ నన్ను టెర్రస్ మీదకి రమ్మన్నాడు. ఉంగరం తెచ్చాడట. నాకు ఇష్టం లేదు. నువ్వు రావా, ప్లీజ్?'

ఆ ఆఖరి ప్లీజ్ దగ్గర మహిపాల్ కరిగిపోయాడు. ఉంగరం దగ్గర ఉడికిపోయాడు. అల్మారాలో తొమ్మిది ప్యాకెట్లూ భద్రంగా ఉన్నాయి, దానికి తాళం ఉంది, అయిదు నిమిషాల్లో వచ్చేస్తే సరిపోతుంది. గరిటె చేత్తో పట్టుకునే మెట్లెక్కాడు.

టెర్రస్ మీద అభిరామ్ ఒక్కడే ఉన్నాడు. నీళ్ల ట్యాంకు చాటు నుంచి తొంగి చూస్తున్నాడు.

"ఏంది, ఈడేం జేస్తున్నవ్?" అన్నాడు మహిపాల్.

"అది నేనడగాలి. నువ్వెందుకొచ్చావ్?"

"గాలికొచ్చిన."

"నేనూ అందుకే."

"సూటేసుకొని ఎండల గాలికొస్తరా ఎవరన్నా?"

"గరిటె పట్టుకుని వస్తారా?"

ఇద్దరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. తీసి చూపిస్తే సరిపోయేది. కానీ మహిపాల్ చూపించలేదు. ఆమె తనను పిలిచిందన్న సంగతి వీడికెందుకు? అవతలివాడూ అదే అనుకున్నాడేమో, జేబు మీద చెయ్యి తియ్యలేదు. ఉంగరం పెట్టె ఎక్కడ ఉబ్బిందా అని మహిపాల్ ఆ సూట్‌ని పైనుంచి కిందదాకా వెతికాడు. అలా ఇద్దరూ ఎండలో పదిహేను నిమిషాలు కాపలా కాశారు, ఒకరికొకరు. భావన రాలేదు.

కిందికి వచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. ప్యాకెట్లు తొమ్మిదీ ఉన్నాయి. ఘాటైన వెనిగర్ వాసన వస్తోంది. హమ్మయ్య అనుకున్నాడు.

డాక్టర్ నాగేశ్వరి మొదటి రోజే ఒక నియమం పెట్టింది. "ప్రతి ప్యాకెట్లోంచీ ఒక ముక్క విరిచి చూడాలి బాబూ. వెనిగర్ నడిమి దాకా పట్టాలి. మధ్యలో తెల్లగా కనిపిస్తే ఆ ప్యాకెట్ పారేయాల్సిందే." నలభై రోజులూ ఆ పని తప్పకుండా చేశాడు. ఈరోజు మాత్రం అతని బుర్ర ఇంకా టెర్రస్ మీదే ఉంది. వాడికి ఉంగరం సైజు ఎలా తెలిసింది? ఆమె వేలు ఎప్పుడు పట్టుకుని చూశాడు? అలా ఆలోచిస్తూనే తొమ్మిది ప్యాకెట్లూ తొమ్మిది గిన్నెల్లో పోసేశాడు.

పన్నెండుకి అయిదు నిమిషాలుందనగా నర్సు గ్లాసుల ట్రే తీసుకెళ్లింది. మహిపాల్ పిప్పిని చెత్తబుట్టలో వేయబోతుంటే గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"పారెయ్యకు బిడ్డా! జర ఆగు."

అండాలమ్మ. మొదటి పేషెంటు లచ్చయ్య భార్య. కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయేదాకా అందులో లచ్చయ్య హమాలీ. ఆమె అన్ని దవాఖానలూ తిరిగి తిరిగి, చివరికి ఈ కషాయం మీదే ప్రాణాలు పెట్టుకుంది.

"మా ఊర్లె ఒక్కపారి కాసి పిప్పి పారెయ్యరు బిడ్డా. మల్లొక్కపారి కాస్తరు. నాకియ్యి, ముసలాయనకు మాపటికి తాపిస్త."

"గట్ల ఇయ్యరాదమ్మా. రూల్ ఉంది."

ఆమె వినలేదు. గిన్నెలోంచి ఒక ముక్క తీసి రెండుగా విరిచింది. మొహం చిట్లించింది.

"ఏం కాసినవ్ బిడ్డా? నడుమ పచ్చిగనే ఉన్నదే. గిదేంది, గింత తెల్లగున్నది?"

మహిపాల్ చేతిలోంచి గిన్నె జారిపోయింది. ఇంకో ముక్క విరిచాడు. తెలుపు. ఇంకోటి. తెలుపు. పైన మాత్రమే వెనిగర్ పూశారు. అది ఎజూ కాదు. నాలుక చివర ఆనించి చూసి వెంటనే ఉమ్మేశాడు. తిమ్మిరెక్కింది. వసనాభి, పచ్చి విషం!

గరిటెతో సహా పరుగెత్తాడు. కారిడార్ పొడవునా అరిచాడు.

"కర్మన్‌ఘాట్ బస్సొచ్చిందిరో! కర్మన్‌ఘాట్ బస్సు!"

వార్డు తలుపు దగ్గరున్న అభిరామ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నర్సు చేతిలోని ట్రే మీద అడ్డంగా పడ్డాడు. ఎనిమిది గ్లాసులు నేవీ బ్లూ సూట్ మీద ఒలికిపోయాయి. తొమ్మిదోది అప్పటికే లచ్చయ్య పెదవులకు తగులుతోంది. గోడ గడియారం పన్నెండు. మహిపాల్ వార్డు గుమ్మంలోంచే గరిటె విసిరాడు. గ్లాసు భళ్లుమని పగిలింది.

"ఓరి నీ! చెయ్యిరిగింది!" అని అరిచాడు లచ్చయ్య.

చెయ్యేగా! మహిపాల్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఒక ఆడపిల్ల పంపిన రెండు లైన్ల మెసేజ్ చూసి మండిపోయి, ఈ ముసలాయన్ని స్వయంగా చంపబోయాడు.

అభిరామ్ పక్కకొచ్చి కూర్చున్నాడు. కషాయం కారుతున్న జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు.

'మహిపాల్ నన్ను టెర్రస్ మీదకి రమ్మన్నాడు. ఉంగరం తెచ్చాడట. నాకు ఇష్టం లేదు. నువ్వు రావా, ప్లీజ్?'

మహిపాల్ తన ఫోన్ తీసి దాని పక్కన పెట్టాడు.

"ఇద్దరికీ ఒకటే మెసేజ్. పేరు మాత్రం మార్చింది. ప్లాన్ ముందే చెప్పింది కూడా మనం తనని అనుమానించకూడదనే," అన్నాడు అభిరామ్.

"ఏడుంది ఇప్పుడు?"

"ఆమె జడకి పిన్ను పెట్టాను, సేఫ్టీ కోసం. అందులో ట్రాకర్ ఉంది."

"జడకు నువ్వే పెట్టినవా?" అన్నాడు మహిపాల్, అంత పరేషాన్‌లో కూడా.

ట్రాకర్ ఎల్బీనగర్ నుంచి మెట్రో లైన్ వెంబడి కదులుతోంది. భానుమూర్తికి ఫోన్ వెళ్లింది. మూసారాంబాగ్ స్టేషన్లో రైలు తలుపులు తెరుచుకునేసరికి ప్లాట్‌ఫాం మీద ఆయన మనుషులు నిలబడి ఉన్నారు. భావన హ్యాండ్‌బ్యాగులో అసలు ప్యాకెట్లు తొమ్మిదీ దొరికాయి. పక్కనే అల్మారాకి మారు తాళంచెవి.

సాయంత్రం నాలుగింటికి మహిపాల్ తొమ్మిది ప్యాకెట్లలోంచీ తొమ్మిది ముక్కలు విరిచాడు. నడిమి దాకా నల్లటి గోధుమ రంగు. అండాలమ్మ పక్కనే నిలబడి ప్రతి ముక్కా తీసుకుని చూసింది. కట్టు కట్టిన చేత్తో లచ్చయ్య కషాయం తాగి, మొహం వికారంగా పెట్టాడు.

"తగ్గుతదా డాక్టరమ్మా?" అండాలమ్మ అడిగింది.

"తెలీదమ్మా. తెలుసుకోవడానికే ఈ ట్రయల్," అంది నాగేశ్వరి. "ఇవాళ్టికి మాత్రం ఆయన బతికే ఉన్నారు. అది మీ చలవే."

అండాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, పిప్పి గిన్నె చంకలో పెట్టుకుంది. ఈసారి ఎవరూ రూల్ గురించి మాట్లాడలేదు.

హాస్పిటల్ గేటు దగ్గర జీపు ఆగి ఉంది. చేతులకు బేడీలతో వెనక సీట్లో భావన. ఆమెను హెడ్ ఆఫీసుకు తీసుకెళ్లేముందు మహిపాల్, అభిరామ్‌ల వాంగ్మూలాల కోసం ఇక్కడికి తెచ్చారు. రెండిట్లోనూ ఒకటే అబద్ధం ఉంది, గాలికి టెర్రస్ ఎక్కామని. భానుమూర్తి రెండూ చదివి, ఇద్దరికీ మూడు నెలలు వంటగది డ్యూటీ వేశాడు.

"ఇంక ఆమె ఊసెత్తొద్దు," అన్నాడు మహిపాల్.

"ఒట్టు," అన్నాడు అభిరామ్. చేతులు కలుపుకున్నారు.

జీపు కదిలింది. భావన ముందుకు వంగి, డ్రైవరు చెవి దగ్గర ఏదో అంది. డ్రైవరు సిగ్గుపడి నవ్వుతూ అద్దం సరిచేసుకున్నాడు.

"వాడెవడు?" మహిపాల్ అడిగాడు.

"శేఖర్. కొత్తగా చేరాడు. పెళ్లి కాలేదు."

రెండు క్షణాలు గడిచాయి. ఇద్దరూ ఒకేసారి రోడ్డు మీదకి దూకి, చెయ్యెత్తి ఆటోని ఆపారు.