అమలమ్మ పోలిక

స్టెల్లా తన అత్తగారిని రెండోసారి పాతిపెట్టింది. బాలశౌరి లెక్కలో ఇది తేలిపోయిన సంగతి.

ఆస్పత్రిలో అయిదు పిండాలు తయారయ్యాయి. పరీక్ష చేస్తే రెండింటికి బాలశౌరి భార్య అమలమ్మకున్న కంటిజబ్బు ఉందని తేలింది. మిగిలిన మూడింటిలో ఒకదాన్ని ఇవాళ స్టెల్లా గర్భంలో పెడతారు. కొడుకు బెన్నీ డాక్టరుతో ఫోనులో మాట్లాడుతుంటే బాలశౌరి చెవిన పడింది.

అమలమ్మకు ముప్పయ్యో ఏటికల్లా చూపు పూర్తిగా పోయింది. అయినా బియ్యంలో రాళ్ళు వేళ్ళతోనే ఏరేది. మొప్ప తడిమి, చేప నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పేది. ఆమె పోయాక నాలుగేళ్ళుగా బాలశౌరి పటమటలో కొడుకు దగ్గరే ఉంటున్నాడు. తిండికి లోటు లేదు.

స్టెల్లా వేడి పెసరట్టు తెచ్చి పళ్ళెంలో వేసింది. "తినండి మావయ్యా. పదింటికల్లా అక్కడుండాలి."

"నేను రాను. అమల లాంటిది పుట్టకూడదని మీరు పోతుంటే మధ్యలో నేనెందుకు?"

స్టెల్లా పొయ్యి కట్టేసింది. "గన్నవరం చుట్టూ ఇరవై ఏళ్ళు మీరు గేదెలకి చూడి కట్టే సూదులేశారు. మంచి జాతి చూసే వేశారుగా?"

"అది పాల కోసం. మీ అత్తని గేదెతో పోలుస్తావా?"

"లేదండీ. మేమేం ఎత్తూ రంగూ తెలివీ ఎంచమన్లేదు. ఆ ఒక్క జబ్బు చూడమన్నాం, అంతే."

"మరి ఆ రెండూ? చెత్తబుట్టలోకేగా."

"పారెయ్యడానికి మేం సంతకం పెట్టలేదు. దాచమన్నాం." ఆమె గొంతు తగ్గింది. "తర్వాత ఏం చెయ్యాలో మాకూ తెలీదు మావయ్యా."

బెన్నీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "దాన్నేం అనకు నాన్నా. పరీక్ష చెయ్యమంది నేను. పొద్దుగూకితే బండి నడపలేకపోతున్నా. నాకూ మొదలైంది."

బాలశౌరి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

బెన్నీకి మూడేళ్ళప్పుడు అమలమ్మ తన అక్కను తోడు తీసుకుని, మొగుడికి చెప్పకుండా పెద్దాసుపత్రికి వెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకుంది. "ఇంకో బిడ్డకి ఈ చీకటి ఇవ్వలేనయ్యా" అంది. బాలశౌరి పదకొండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వండింది తిన్నాడు, లేచిపోయాడు. రోజూ అన్నం వడ్డించి ఆమె గాలిలోకి అడిగేది: "ఉన్నావా?"

చూపులేని మనిషికి, మాట్లాడని మొగుడు ఇంట్లో ఉన్నట్టా, లేనట్టా? ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న బాలశౌరికి ఇప్పుడే తట్టింది. కళ్ళనీళ్ళు పళ్ళెంలో పడ్డాయి. తుడుచుకోలేదు.

జరిగింది వాళ్ళిద్దరికీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. "ఈ పరీక్ష అప్పుడే ఉంటే అమల మీకంటే ముందు ఆటో ఎక్కేది" అన్నాడు.

స్టెల్లా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకో అట్టు వెయ్యమ్మాయ్. తిని బయల్దేరదాం."

"రానన్నారుగా?"

"ఖాళీ కడుపుతో అన్నా."

స్టెల్లా నవ్వుతూ పొయ్యి వెలిగించింది. బాలశౌరి రెండో అట్టు తృప్తిగా తిన్నాడు.

ఆటోలో కుదుపు తగలకుండా కోడల్ని మధ్యలో కూర్చోబెట్టాడు. బెంజి సర్కిల్ దాటాక బెన్నీ మెల్లగా అడిగాడు. "మళ్ళీ అమ్మతో ఎప్పుడు మాట్లాడావు నాన్నా? ఏమన్నావు?"

"చెప్పిందాంతో సరి. చచ్చేదాకా ఆ సంగతి నా నోట రాదు. నన్నడక్కు."