ఊఁ కొట్టిందెవరు?

అమెరికాలోని ట్రాయ్‌లో ఆ ఉదయం కూడా మంచు కురుస్తూనే ఉంది. దేదీప్య ఉప్మాకి తాలింపు వేస్తూ ఆఫీస్ కాల్ వింటోంది గానీ, ఒక చెవి పక్క గదివైపే ఉంది. అక్కడ తండ్రి హనుమయ్య ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని పాత నవలేదో పైకి చదువుతున్నాడు.

పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటది. ఆయన చదవాలి, భార్య దమయంతి ఊఁ కొట్టాలి. ఊఁ అనకపోతే కథ ముందుకు కదిలేది కాదు. ఆవిడ పోయి ఏడాదైంది. కూతురి దగ్గరికి వచ్చేశాక కూడా ఆయన ఓ వాక్యం చదివి ఆగుతాడు, కాసేపుండి మళ్లీ అందుకుంటాడు. ఆ మధ్యలోని నిశ్శబ్దమంటే దేదీప్యకి హడల్.

ఆయన ఆగాడు. "ఊఁ" అని వినిపించింది.

అచ్చం అమ్మ గొంతు! దేదీప్య చేతిలో గరిటె జారిపోయింది. పరుగున వెళ్లి చూస్తే హనుమయ్య నవ్వుకుంటూ పేజీ తిప్పుతున్నాడు. కుర్చీలో ఎవరూ లేరు.

ఇంకేముంది, సాయంత్రానికల్లా పుస్తకాలన్నీ అట్టపెట్టెకెక్కి గరాజ్‌లో పడ్డాయి.

"రోజూ చదివితే ఆయన మతిమరుపుకి మంచిదని డాక్టర్ చెప్పాడు కదా," భర్త గోపాల్ నసిగాడు.

"మనుషులతో మాట్లాడితే మంచిది, దయ్యాలతో కాదు. నువ్వూరుకో!"

హనుమయ్య పోట్లాడినా బాగుండేది. రోజురోజుకీ మనిషి మసకబారిపోయాడు. నిద్ర కరువైంది. కాఫీలో ఉప్పు వేసుకున్నాడు. ఓ ఉదయం చెప్పుల్లేకుండా మంచులోకి నడిచి, మెయిల్‌బాక్స్ పట్టుకుని, తమ ఇల్లేదో తెలియక దిక్కులు చూస్తూ నిలబడ్డాడు.

దేదీప్య లోపలికి లాక్కొచ్చి, ఆ పాదాలకు తువ్వాలు చుట్టింది. భయమంతా కోపమై బయటికొచ్చింది.

"అమ్మ లేదు నాన్నా! పోయింది! ఎందుకర్థం కాదు నీకు?"

"ఆఖరి తులసితీర్థం పోసింది నేనేగా, నాకు తెలీదా?" అన్నాడు హనుమయ్య. "నా కోసమే చదువుకుంటున్నానమ్మా. నిన్నటి పేజీ గుర్తుంటే ఇవాళ నేనెవర్నో గుర్తుంటుంది. ఆ ఒక్క ఆధారమూ లాగేశావు."

"మరి ఆగుతావెందుకు?"

"ఆవిడ చోటు ఆవిడకి వదిలిపెడతా. అంతే."

దేదీప్య గరాజ్‌కి వెళ్లి పెట్టె మోసుకొచ్చింది. ఇన్నాళ్లూ తాకడానికే జంకిన ఆ కుర్చీలో కూర్చుంది. హనుమయ్య కళ్లద్దాలు తుడుచుకుని, పేజీ వెతుక్కుని, ఓ వాక్యం చదివి ఆగాడు.

"ఊఁ," అంది దేదీప్య.

అని, తనే ఉలిక్కిపడింది. అదే గొంతు. ఆ రోజు విన్న గొంతు.

"నాన్నా... ఆ రోజు కూడా..."

"నువ్వే కదమ్మా, వంటింట్లోంచి! చిన్నప్పుడు మీ అమ్మ ఒళ్లో పడుకుని ఊఁ కొట్టేదానివి. మళ్లీ ఇన్నాళ్లకి నా కోసం అన్నావనుకుని, ఆ పూట ఇంకో రెండు పేజీలు ఎక్కువ చదివా."

అంటే ఆ ఊఁ తనకే తెలియకుండా తన నోటినుంచే వచ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా తీరిక దొరకని ఏడుపు అప్పుడొచ్చింది దేదీప్యకి. హనుమయ్య కూతురి తల నిమురుతూ, పేజీలో వేలు పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి ఇంకో వాక్యం చదివి ఆగాడు.

"ఊఁ," అంది దేదీప్య, ముక్కు తుడుచుకుంటూ.