కనబడని బాణం

ముఠా గుట్టు చెప్పడానికి వచ్చిన ఉలిగప్పను ధర్మవరం రైల్వే గేటు దగ్గర మధ్యాహ్నం మూడూ పదికి పొడిచి చంపారు. అతన్ని కాపాడవలసిన దళం ఆ రాత్రి ఒంటిగంటా యాభై ఒకటికి వెళ్ళింది. అప్పటికే రక్తం మీద ఎవరో మట్టి పోశారు. "ఉలిగప్ప తొందరపడి ముందే వచ్చాడు. సొంత తప్పిదం" అని రాసి ఫైలు మూశారు.

అది 2004. నెల తర్వాత హిందూపురంలో, డీటీపీ సెంటర్ బోర్డు వెనక నడిచే రహస్య ఆఫీసులో, చీఫ్ గోవిందరాజులు మరో మనిషి వివరాల ప్రింటు ఏజెంట్ జయరాజు ముందు పెట్టాడు.

"యోహాను. ముఠా నడిపే పట్టుచీరల ఎక్స్‌పోర్ట్ కంపెనీలో డ్రైవర్. వాళ్ళు దొంగచాటుగా దేశం దాటించబోయే రాడార్ డిజైన్ల సీడీ మనకు తెస్తున్నాడు. పెనుకొండ బస్టాండ్, 02:41. ఈ రాత్రికే."

"ఈ వివరాలున్న ఫ్లాపీ ఎవరు తెచ్చారు సార్?"

"రాణి. ఎప్పుడూ ఆమేగా."

రాణి ఆ కంపెనీలో చీరల మోడల్. లోపల మన ఏజెంట్. ఆమె వెళ్ళిపోయినా సెంటు వాసన గదిలో అరగంట ఉండేది. జయరాజు నుదురు పట్టుకుంటే, అడగకముందే తలనొప్పి మాత్ర తీసిచ్చే మనిషి.

జయరాజు ఉలిగప్ప పాత ఫైలు తెరిచాడు. నెలరోజులుగా ఒకటే ముల్లు. తెర మీద 01:51 కనిపిస్తోంది. ఫైండ్‌లో 01:51 కొడితే మాత్రం, లేదంటోంది కంప్యూటర్.

ల్యాబ్ నుంచి లక్ష్మీదేవి ఆ ఉదయమే పెన్‌డ్రైవ్ పంపింది. అందులో తుపాకీ లేదు, విషం లేదు. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో దాగిన గుర్తులను చూపించే చిన్న ప్రోగ్రాం.

"కుడి నుంచి ఎడమకు రాసే భాషల కోసం పెట్టిన గుర్తులు సార్," అంది ఫోన్లో. "అంకెల ముందర ఒకటి పెడితే వరస తిరగబడి కనిపిస్తాది. గుర్తు మాత్రం ఎవురికీ కనపడదు."

జయరాజు మీట నొక్కాడు. 01:51 పక్కన బూడిదరంగు బాణం మొలిచింది. అసలు టైము 15:10.

యోహాను ఫైలు తెరిచాడు. అక్కడా బాణం. 14:20.

గోడ గడియారం మధ్యాహ్నం ఒకటిన్నర చూపిస్తోంది.

పెనుకొండ బస్టాండ్. రెండూ పద్దెనిమిది. బెంచీ మీద యోహాను, ఒళ్ళో టిఫిన్ క్యారియర్. కారు దిగి రాణి వచ్చింది.

"కదిరి బస్సు పోయిందా?"

"టైరు పంచరంట," అని కోడ్ పూర్తిచేసి యోహాను లేచాడు. కారులో ఇద్దరు అతని కోసం తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఏమప్పా, శెనక్కాయలు తిని పో." తలపాగా చుట్టుకున్న ముసలాయన గంప అడ్డం పెట్టాడు.

"వద్దబ్బా, తొందరుండాది."

"ఉలిగప్ప గూడా ఇట్లే తొందరపడినాడని రాసినారు."

యోహాను ఆగిపోయాడు. శెనక్కాయల కింద నుంచి పిస్తోలు వచ్చింది. మఫ్టీలో కాచుకున్న దళనాయకుడు లక్ష్మన్న మనుషులు కారును చుట్టుముట్టారు. టైము 14:20.

రాణి తలపాగా కింద జయరాజు ముఖాన్ని గుర్తుపట్టింది. "నేను ఒక్క అంకె గూడా మార్చలేదు సార్. ఫైలు చూస్కోండి."

"చూసినాలేమ్మా."

సంకెళ్ళు పడుతుంటే ఆమె మెల్లగా అడిగింది. "తలనొప్పి ఎట్లుండాది?"

జయరాజు తలపాగా విప్పి గంపలో పడేశాడు. ఆమె అడగకుండా ఉన్నా బాగుండేది.

సాయంత్రం రెండు ఫైళ్ళూ ప్రింటు తీశాడు. కాగితం మీద బాణం రాలేదు. ఎర్రపెన్నుతో తనే గీసి, "ఉలిగప్ప తనకు చెప్పిన టైముకే వచ్చాడు" అని రాసి సంతకం చేశాడు.

వారానికి హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది: "చేతి దిద్దుబాట్లున్న కాగితాలు చెల్లవు. శుభ్రమైన ప్రింటు పంపవలెను. పెనుకొండకు పన్నెండు గంటలు ముందుగా ఎందుకు వెళ్ళితిరో సంజాయిషీ జతపరచవలెను."