బోర్లించిన పళ్ళెం

ఆ ఆదివారం యార్క్‌షైర్‌లోని మా ఇంట్లో నేను కస్టర్డ్ కాచి, బల్ల సర్ది, హెస్టర్ అత్త పళ్ళెం బోర్లించి పెట్టాను. అత్త జైలు నుంచి విడుదలైన రోజున ఏటా అలా పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఆ పళ్ళేన్ని ఎవరూ తిప్పరు. ఆడవాళ్ళకి ఓటు కావాలని జైలుకెళ్ళిన మనిషి, అక్కడ తిండి ముట్టనని మొండికేసింది. నలుగురు కాళ్ళూ చేతులూ అదిమిపట్టి, ముక్కులోంచి రబ్బరు గొట్టం దింపి, గుడ్డు కలిపిన పాలు పోశారు. ఇంటికొచ్చాక ఎన్నాళ్ళో బతకలేదు. ఈ ఇంట్లో ఆడదాని నోరు నొక్కినవాడికి ముద్ద దిగదని పోయేముందు అందట.

మా తమ్ముడు రూపర్ట్ వానలో తడుస్తూ వచ్చాడు. ఇల్లు బేరం పెట్టేశాడట, రేపు సంతకం పెడతాడట, వసంతానికల్లా నేను ఖాళీ చెయ్యాలట. సూపు జుర్రుకుంటూ చెప్పాడు మహానుభావుడు! నాన్న ఇల్లు వాడి పేరునే రాసినా, అక్కనడక్కుండా అమ్మనని మాట తీసుకున్నాడు. అదే గుర్తుచేశాను.

"నిన్నడిగేదేంటక్కా? ఇది మగాళ్ళ వ్యవహారం. కావాలంటే అత్తని లేపి ఓటెయ్యమను."

నవ్వుతూ ఆ పళ్ళెం తిప్పి, అందులోనే కస్టర్డ్ వడ్డించుకున్నాడు.

కిటికీల బయట అప్పుడే చీకటి పడుతోంది. ఎక్కణ్ణుంచో తడిసిన రబ్బరు వాసన... మెట్ల మీద అడుగులు. ఒకరివి కాదు.

రూపర్ట్ చెంచా జారిపోయింది.

"అక్కా... నా చేతులు వదులు," అన్నాడు గుసగుసగా.

నేను బల్లకి ఆ చివర కూర్చుని ఉన్నాను.

వాడి తల వెనక్కి విరుచుకుంది. నోరు తెరవలేదు. ముక్కులోంచి పాలు కారాయి...

పక్షవాతమన్నాడు డాక్టరు. మాట పడిపోయింది, సంతకం పెట్టే చెయ్యీ పడిపోయింది. ఇల్లు నిలిచింది. గొంతులో ఏదీ దిగదు కాబట్టి పూటపూటా ముక్కులోంచి గొట్టం వేసి గుడ్డు కలిపిన పాలు పోస్తాను. తోడబుట్టినవాడు, జాలి లేదా అంటారు. లేదు.

వాడు వేలు కూడా కదపలేడు, పట్టుకోవాల్సిన పనే లేదు. అయినా పాలు పోసి దుప్పటి తీసి చూస్తే, మణికట్ల మీదా చీలమండల మీదా ఎర్రగా, తాజాగా, సన్నని వేళ్ళ గుర్తులు.