టోపీ పెట్టుకున్న బస్తా

"ముందా వెనక తలుపు మూయండి!"

షెడ్డులోకి అడుగుపెడుతూనే ఇల్మా అన్న మొదటి మాట అది. ఒక చేత్తో సైకిల్, ఇంకో చేత్తో నాలుగేళ్ల కూతురు ఉనా. షెడ్డుకి ముందొక తలుపు, వెనకొక తలుపు, రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. ఈ గుమ్మంలో దూరిన గాలి ఆ గుమ్మంలోంచి పోతోంది. అలాంటి గాలి మధ్య పిల్లని నిలబెట్టే తల్లి సరాయెవోలో ఎక్కడా ఉండదు. నడుం పట్టేస్తుంది, చెవిపోటు వస్తుంది, ఇంకా ఏమేం వస్తాయో ఇల్మా వాళ్లమ్మ మునీరాని అడిగితే సాయంత్రం దాకా చెబుతుంది.

బల్ల మీదికి వంగి తీగలు అతుకుతున్న మనిషి తల ఎత్తలేదు. "మూస్తే పొగకి చస్తాం."

"తెరిస్తే గాలికి చస్తాం."

అప్పుడు తలెత్తాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఆమెని చూశాడు, పాపని చూశాడు, మళ్లీ ఆమెని చూశాడు. లేచి వెళ్లి వెనక తలుపు సగం మూశాడు.

"సగమేనా?"

"సగం పొగ, సగం గాలి. ఇద్దరం చెరి సగం చద్దాం."

ఉనా కిసుక్కున నవ్వింది. ఇల్మా నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు.

అతని పేరు వేదాద్. మామూలు సైకిళ్లకి మోటార్లు బిగిస్తాడని కూరగాయల కొట్టాయన చెబితే వచ్చింది. సైకిల్ చుట్టూ తిరిగి చూసి, దాని వీపు నిమిరాడు. "కొండల్లో దూకించే బండి ఇది. మీదేనా?"

"నా మాజీ మొగుడిది. టీవీ, పరుపు పట్టుకుపోయాడు. కార్లో పట్టక దీన్ని వదిలేశాడు. దీనికి మోటారు పెట్టండి. రోజూ పాపని నర్సరీకి, నన్ను పనికి మొయ్యాలి."

"అంటే గుర్రాన్ని గాడిదని చెయ్యమంటారు."

"నాకు గాడిదే కావాలి. గుర్రం మీద తిరిగేవాణ్ణి చూశాను, చాలు."

వేదాద్ నవ్వేశాడు. నవ్వితే అద్దాలు ఇంకాస్త జారాయి.

ఇల్లు కొండ మీద. నర్సరీ కింద, ఏటి ఒడ్డున. ఇల్మా దుప్పట్లు ఇస్త్రీ చేసే హోటల్ ఊరి ఆ చివర. కొండ మీదికొచ్చే మినీబస్సు ఆగిపోయాక ఆమె రోజూ పరిగెత్తుతోంది. పరిగెత్తినా ఆలస్యమే. ఇంకోసారి ఆలస్యంగా వస్తే పాప సీటు తీసేస్తామని నర్సరీ వాళ్లు చెప్పేశారు. మునీరా మోకాళ్లతో ఆ దారి దిగలేదు. ఈ సంగతి జెనిత్సా అనే ఊళ్లో ఉన్న అత్తగారు రాబియా చెవిన పడింది. మొగుడు పోయినా అత్తగారు పోలేదు మరి. "నీకు కుదురు వచ్చేదాకా పిల్లని నా దగ్గరుంచుకుంటా. ఆదివారం వస్తా" అంది. ఆదివారంలోపు దారి దొరక్కపోతే అలాగే తీసుకెళ్లండని, ఏడుపు మింగుకుని ఇల్మా ఒప్పేసుకుంది.

అందుకే అడిగింది. "శనివారానికి ఇచ్చేస్తారా?"

"చూద్దాం."

"దిగుడులో బ్రేకు పట్టకపోతే?"

"పడతారు."

ఇల్మాకి ఒళ్లు మండింది. ఈ ఊళ్లో ఏది అడిగినా ఎవరైనా చెప్పేది ఒక్కటే మాట, ఏం కాదులే అని. మినీబస్సు ఆగినప్పుడూ అదే, మొగుడు పోయినప్పుడూ అదే. ఈ మనిషికి ఆ పాటి ఊరడింపు కూడా చేతకాలేదు. కానీ దారంతా ఆ ఒక్క మాటే చెవిలో మోగింది. పడతారు. కనీసం అబద్ధం చెప్పలేదు.

మర్నాటినుంచి రోజూ పని నుంచి వస్తూ షెడ్డులో తొంగి చూసేది. సైకిల్ రూపం మారిపోతోంది. ముళ్ల టైర్లు పోయి నున్నటి రోడ్డు టైర్లు వచ్చాయి. వెనక చక్రం నడుమ గుండ్రటి మోటారు కూర్చుంది. బ్యాటరీ వాలు కడ్డీ మీద ఎక్కింది. మోటారు లాగుడికి ఇరుసు ఊడిరాకుండా పక్కనొక ఇనప పట్టీ బిగించాడు. వెనకాల పాప సీటు.

"పాప బరువెంత?" అన్నాడొకరోజు.

"ఎందుకూ?"

జవాబు చెప్పకుండా ఉనాని ఎత్తి పక్క కొట్లో బంగాళాదుంపలు తూచే కాటా మీద కూర్చోబెట్టాడు. "కిలో ఎంత బాబూ ఈ పిల్ల?" అన్నాడు కొట్టాయనతో. ఉనా గోల గోల. ఆ గోలలో దాని పసుపుపచ్చ టోపీ షెడ్డులోనే మర్చిపోయి వచ్చారు.

"మీ ఇల్లు ఆ నిటారు దారి పక్కనేగా?" అన్నాడు ఇంకోరోజు, తల ఎత్తకుండా. "బండి తెచ్చిస్తే కాఫీ ఇస్తారా?"

"మా అమ్మ ఇస్తుంది. మూడోది వచ్చేదాకా కూర్చోకండి."

"అంత ధైర్యం నాకెక్కడిది!"

మొదటి కాఫీ రమ్మని, రెండోది కబుర్లకి, మూడోది ఇక లేవండని. ఆ కొండ మీద ఏ ఇంట్లోనూ అది నోటితో చెప్పరు, కప్పే చెబుతుంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేదాకా ఎందుకు నవ్వుకుంటోందో ఇల్మాకే తెలియలేదు. ఇంట్లో రాబియా ఫోను వచ్చాక ఆ నవ్వు ఆరిపోయింది.

శనివారం వచ్చింది. సైకిల్ తయారుగా, తళతళలాడుతూ నిలబడి ఉంది. వేదాద్ మాత్రం దాని ముందు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇవ్వను."

"అన్నీ బిగించారుగా!"

"ఇంకా అవలేదు."

"రేపు మా అత్తయ్య వస్తోందని చెప్పాను మీకు! పిల్లని తీసుకుపోతుందని చెప్పాను!"

"తెలుసు. అయినా ఇవ్వను."

"మీరూ అందరిలాంటివాళ్లే" అంది ఇల్మా. రెండు తలుపులూ తెరిచే వదిలేసి వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున్నుంచీ వాన. సన్నగా మొదలై, కొండ మీది రాళ్లదారిని కాలవ చేసింది. రాబియా వచ్చింది. తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, ఉనాకి ముద్దులు పెట్టి, కుర్చీలో స్థిరంగా కూర్చుంది. మునీరా మొదటి కాఫీ పోసింది. తర్వాత రెండోది. గుమ్మం పక్కన ఉనా బట్టల సంచి కట్టి సిద్ధంగా ఉంది.

"బస్సు మధ్యాహ్నం" అంది రాబియా. "బెంగ పెట్టుకోకమ్మా. ఏం కాదులే."

ఇల్మా వేదాద్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోయింది.

అప్పుడే పైనుంచి సైకిల్ దూసుకొచ్చింది.

నున్నటి తడి రాళ్ల మీద, నిటారు దారిలో, కింద మలుపులో ఉన్న గోడ వైపే. వెనక సీట్లో పసుపుపచ్చ టోపీ ఊగుతోంది.

"ఉనా!"

ఇల్మా అరుపుకి రాబియా చేతిలో కప్పు తొణికింది. బల్ల కిందనుంచి ఉనా తల బయటికి పెట్టింది. "ఏంటమ్మా?"

పిల్ల ఇక్కడే ఉంది. మరి ఆ సీట్లో?

బయట సైకిల్ కీచుమని గోడకి జానెడు దూరంలో ఆగింది. టోపీ పక్కకి ఒరిగింది. దాని కింద గోనె బస్తా. ఒక బంగాళాదుంప జారిపడి, దొర్లుకుంటూ ఏటి వైపు పోయింది. వేదాద్ దాని వైపు చూసి, సైకిల్ తిప్పి, మళ్లీ పైకి బయలుదేరాడు.

ఇల్మా ఇంటి చెప్పులతోనే వానలోకి పరిగెత్తింది. దారికి అడ్డంగా నిలబడింది.

"పిచ్చా మీకు? ఫోనెందుకు ఎత్తరు?"

"చేతులు బ్రేకుల మీద ఉన్నాయి." నిలువెల్లా తడిసిపోయి ఉన్నాడు. అద్దాల నిండా నీళ్లు. "బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోవాలి. పొడి నేల మీద ఆగుతోంది. శుక్రవారం చినుకుల్లో చూస్తే, నొక్కాక కూడా ఓ క్షణం ముందుకి తోసింది. బ్రేకు పిడిలో నీళ్లు చేరుతున్నాయి. పిడి మార్చేశాను. వాన కోసం చూశాను. పొద్దున్నుంచీ దిగుతున్నా."

"నిన్న ఆ ముక్క చెప్పచ్చుగా!"

"చెబితే మీకు నిద్ర పట్టదు. ఒకడికి పట్టకపోతే చాలదా?"

ఇల్మా ఒరిగిన టోపీని బస్తా మీద సరిగ్గా పెట్టింది.

"అందరూ ఏం కాదులే అంటారు" అంది. "మీరొక్కరే ఎప్పుడూ అనలేదు."

"అనలేను. నాకూ మీలాగే అన్నిటికీ భయం." అద్దాలు తీసి తుడుచుకోబోయాడు, పొడి గుడ్డ ఎక్కడా దొరకలేదు. "ఈ సీట్లో కూర్చునేది ఉనా. దాని ముందు కూర్చుని నడిపేది మీరు... అదీ భయం. ఏ భయం ఎక్కువో నన్నడగొద్దు."

ఇల్మా తన చున్నీ కొసతో ఆ అద్దాలు తుడిచి అతని చేతిలో పెట్టింది. అప్పుడతను ఆమెని చూసిన చూపుకి వాన కూడా కాస్త సిగ్గుపడి తగ్గినట్టనిపించింది.

"దిగు" అంది.

మీరు అనడం ఎప్పుడు మానేసిందో ఇద్దరూ గమనించలేదు.

"ఇంకోసారి నేనే చూస్తా..."

"నడపాల్సింది నేను. దిగు."

తోసుకుంటూ పైకి తీసుకెళ్లి, ఎక్కి, వదిలింది. గాలి ముఖానికి కొట్టింది. గోడ పెద్దదవుతోంది. బస్తా వీపుకి తగులుతోంది, అచ్చం ఉనా బరువు. గోడ ఇంకా పెద్దదైంది. రెండు పిడులూ నొక్కింది. మోటారు ఊపిరి ఠక్కున ఆగింది. చక్రాలు పట్టుకున్నాయి. గోడ అక్కడే ఉంది, తనిక్కడే ఉంది.

తిరిగి పైకొస్తుంటే సైకిల్ ఆయాసం లేకుండా ఎక్కేసింది. రాబియా కిటికీలోంచి అంతా చూస్తోంది.

ఇల్మా లోపలికొచ్చింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా రాగి గిన్నె పొయ్యి మీద పెట్టింది. కాఫీ పొంగింది. రాబియా కప్పు నింపింది.

రాబియా కప్పు వైపు చూసింది. "ఇది మూడోది, ఇల్మా."

"అవునత్తయ్యా. రేపు పాపని నర్సరీలో నేనే దింపుతాను. వచ్చే ఆదివారం మీరే వచ్చి చూద్దురుగాని."

రాబియా కాఫీ అంతా తాగింది, మెల్లగా, చివరి చుక్క దాకా. లేచి, బట్టల సంచిని గుమ్మం పక్కనుంచి తీసి లోపల పెట్టింది. ఉనా నోట్లో పంచదార బిళ్ల వేసింది. "దాని నడుముకి ఉన్ని పట్టీ కట్టు. సైకిల్ మీద గాలి తగులుతుంది" అంది. గొడుగు విప్పి, గుమ్మం బయట వణుకుతున్న వేదాద్‌ని పైనుంచి కిందికి చూసింది. "నీళ్లు కారుతూ ఏంటా నిలబడ్డం? లోపలికి పో."

మునీరా అతనికి తన భర్త పాత చొక్కా ఇచ్చింది. పక్కనే కూర్చున్న ఉనా అతని అద్దాలు పెట్టుకుని చూస్తోంది. ఉన్నట్టుండి వేదాద్ లేచాడు. ఉనా వెనక తెరిచి ఉన్న కిటికీ మూసి వచ్చాడు. పూర్తిగా మూశాడు.

"సగం కాదా?" అంది ఇల్మా.

"ఇక్కడ పొగ లేదుగా."

మొదటి కాఫీ వచ్చింది. తర్వాత రెండోది. తాగడం అయిపోయింది. వేదాద్ వంటింటి వైపు చూస్తూ కుర్చీ అంచుకి జరిగాడు. దిగుడులో కూడా అంత బిగుసుకుపోలేదు. ఇల్మా కూడా అటే చూస్తోంది.

మునీరా రాగి గిన్నె కడిగింది. తుడిచింది. బోర్లించింది.

"ఏం బాబూ, లేస్తున్నావేం?" అంది. "బంగాళాదుంపలు తెచ్చావుగా. పొయ్యి మీద పెడుతున్నా, కూర్చో."