తుడిచేసిన కొలతలు

ఆ సోమవారం తలుపు తట్టిన చప్పుడు విని గుమాస్తా కుర్చీలోంచి లేచేలోపే పాదరసం వెళ్లి తలుపు తీసేసింది. ఆవిడ అసలు పేరు బయట బోర్డు మీద ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఏళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. కుర్చీకీ ఆవిడకీ పాత పగ. బుర్రలో ఏదైనా మెదిలిందంటే కాలుగాలిన పిల్లిలా గదంతా తిరగాల్సిందే. కోర్టు గుమాస్తాగా రిటైరై, అరిగిపోయిన మోకాళ్లతో ఆవిడ వెనక పరుగులు పెట్టే ఉద్యోగాన్ని ఏరికోరి తెచ్చుకున్న గుమాస్తాకి ఆవిడంటే గొప్ప గురి. ఆవిడ చూసేది ఒక్కసారైనా తను ముందు చూడాలని అతని ఆశ. ఆరేళ్లయినా ఆ ఆశ తీరలేదు.

వచ్చినావిడకి యాభై ఉంటాయి. జుట్టు మీద తెల్లటి పొడి. కుర్చీ అంచున కూర్చుని చీర చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"మాది కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపండీ. కాలు పోయినవాళ్ల కొలతలన్నీ ఒక కంప్యూటర్లో ఉంటాయి. ఈ ఉదయం తెరిస్తే అందులో ఒక్క ముక్క లేదు. ఎవరో మొత్తం తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా వేసిపోయారు. పక్కన కాపీల కోసం పెట్టుకున్న డిస్కు కూడా ఖాళీ."

"అంటే ఎంతమంది కొలతలు?"

"కాళ్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లే నలభై ఆరుగురు. పాతవాళ్లు వేరే. మా కొలతల మాస్టారు పోలీసుల దగ్గరికి పోదామన్నారు. ముందు మీకు చెబుదామని నేనే ఆపాను."

"అనుమానం ఎవరి మీద?"

ఆవిడ తల దించుకుంది. "చెప్పకూడదు గానీ, కంప్యూటర్ మెకానిక్కు మీద. పోయిన నెల మావాళ్లు నాలుగు చీవాట్లు పెట్టారు. సిస్టమ్ వేసే అతని పెన్ డ్రైవు మా సొరుగులోనే ఉండిపోయింది."

ఇంకో పది ప్రశ్నలయ్యాక ఆవిడ చేతి గడియారం చూసుకుని ఉలిక్కిపడింది. "అయ్యో, పదకొండున్నర! మా దగ్గర కాలు చేయించుకున్న ఒకావిడ ఫైలు శనివారం ఆస్పత్రి డాక్టరు అడిగారు. లేదని ఫోన్ చేసి చెప్పాలి."

ఆవిడ వెళ్లాక, కోర్టులో పట్టుకున్న అలవాటు కొద్దీ గుమాస్తా గోడ గడియారం చూసి రిజిస్టర్లో రాసుకున్నాడు: వచ్చినది 10.50, వెళ్లినది 11.18.

"పాపం, బాగా భయపడిపోయింది మేడమ్," అన్నాడు.

"భయం నిజమే," అంది పాదరసం కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ. "పదండి."

* * *

వర్క్‌షాపు నిండా సున్నపుపిండి లాంటి పొడి. గోడకి వరసగా సగం కాళ్లు, పాదాలు. మధ్యలో, కాలి తొడుగు పోయడానికి అచ్చు చెక్కే యంత్రం శనివారమే ఎక్కించిన కొలతతో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. యజమానురాలి మరిది దాన్ని ఆపాడు. యంత్రానికి అరచేతంత తెర ఉంది. దాని మీద అంకెలు కదులుతున్నాయి.

"అదేమిటి?" అంది పాదరసం.

"ఏ నెంబరు మనిషి అచ్చు ఏ తారీఖున చెక్కిందో దానికదే గుర్తు పెట్టుకుంటుందండీ. బ్లేడు ఎప్పుడు మార్చాలో చూడటానికి తప్ప దాని మొహం మేమెవరం చూడం."

కంప్యూటర్ మూల గదిలో ఉంది. తెర కొత్తగా సున్నం వేసిన గోడలా ఉంది. చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే దిక్కులేకుండా పడి ఉంది. పాదరసం ఏ మీటా నొక్కలేదు. ముందుకి వంగి, తెర కింది మూల చూసి, "గుమాస్తాగారూ, టైమెంత?" అంది.

చేతిలో ఫోను పెట్టుకుని తననెందుకు అడుగుతోందో అతనికి అర్థం కాలేదు. "రెండూ అయిదు మేడమ్."

తెర మీద రెండూ పదిహేడు అని ఉంది. తారీఖు సరిగ్గానే ఉంది. ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది.

కొలతల మాస్టారు బక్కపలచని ముసలాయన. మెడలో టేపు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ముప్ఫై ఏళ్లు కాగితాల మీద రాసుకున్నానమ్మా. దీన్ని తెచ్చినప్పుడు తిట్టుకున్నాను. అలవాటయ్యాక దీని సుఖం తెలిసింది. ఇప్పుడు చూడు!"

"ఇది రోజూ తారీఖు సరిగ్గానే చూపిస్తుందా?"

"దానంతటది చూపించదు. లోపల బ్యాటరీ చచ్చిపోయింది, ఇంటర్నెట్టు లేదు. ప్లగ్గు పీకితే ఎప్పటిదో పాత తారీఖుకి పోతుంది. రోజూ సాయంత్రం ప్లగ్గు పీకుతాం. పొద్దున్నే నేను ఫోను చూసి తారీఖూ టైమూ పెడతాను. లేకపోతే కొలతలన్నీ తప్పుడు తారీఖుతో పడతాయి."

"ఈ ఉదయం పెట్టారా?"

"ముట్టుకోలేదమ్మా. శనివారం ప్లగ్గు పీకి వెళ్లాం. ఇవాళ వచ్చేసరికి వెలుగుతూ ఉంది. ఎవరూ ముట్టుకోవద్దని అమ్మగారన్నారు."

తాళంచెవులు యజమానురాలికీ, మరిదికీ, మాస్టారికీ ఉన్నాయి. మరిది మాటలు ఆకుకి అందవు, పోకకి పొందవు. గుచ్చి గుచ్చి అడిగితే, ఆదివారం వేరే ఊళ్లో ఇదే పని చేసే పెద్ద సంస్థవాళ్లని కలిశానని ఒప్పుకున్నాడు.

"ఒంటరిగా ఎంతకాలం ఈదుతామండీ? వాళ్లతో కలుద్దామంటే వదిన వినదు. అందుకని తుడిచేస్తానా? కొలతలు లేని వర్క్‌షాపుని ఎవరు కలుపుకుంటారు?"

కబురందుకుని వచ్చిన మెకానిక్కు ఎవరూ ఏమీ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

"పెన్ డ్రైవు నాదే మేడమ్. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కాలో చీటీ కూడా రాసిచ్చాను, మాటిమాటికీ పిలవకుండా ఉంటారని! తాళంచెవి నాకెక్కడిది?"

"చీవాట్లు దేనికి?"

"పోయినసారి సిస్టమ్ వేసి తారీఖు పెట్టకుండా పోయానని మాస్టారు కస్సుమన్నారు. నేనెక్కడా పెట్టను. వేసి లేస్తాను, అంతే."

పాదరసం గుమ్మంలోకి వెళ్లి వెనక్కి తిరిగింది. "డాక్టరు ఫైలు అడిగింది ఎవరిది?"

యజమానురాలు బల్ల మీది పొడి చేత్తో తుడిచింది. "ఒక దర్జీ ఆవిడది."

* * *

దర్జీ ఆవిడ ఆస్పత్రి మంచం మీద కూర్చుని, పక్క మంచం ఆవిడ దిండుగలీబుకి చేత్తో కుట్లు వేస్తోంది. ఎడమ కాలు మోకాలి కింద ఆగిపోయింది. దాని చివర కట్టు.

"కొత్త కాలు తొడుక్కున్న వారానికే ఒరుసుకుపోయిందమ్మా. లోపల కాలు పైకీ కిందికీ జారేది. వదులుగా ఉందని రెండుసార్లు చెప్పాను. అలవాటవుతుందన్నారు. పుండు పడ్డాక ఆవిడే స్వయంగా వచ్చి, సరిచేస్తామని ఆ కాలు పట్టుకెళ్లారు. మళ్లీ ఇవ్వలేదు."

"డాక్టరేమంటారు?"

సూది ఆగింది. "రేపు పొద్దున మోకాలి పైన కోస్తారట. డాక్టరు ఫోన్ చేసి మాస్టారిని అడిగితే, 'వాపు తీసింది, ఇరవయ్యో తారీఖున రెండోసారి కొలిచాం, కాలు సరిగ్గానే చేశాం' అన్నారట. కాలు సరైనదే అయితే నా నరాల్లో రక్తమే ఆడట్లేదని డాక్టరు అనుమానం. మోకాలు లేకపోతే మిషను ఎలా తొక్కనమ్మా?"

పాదరసం మంచానికి వేలాడుతున్న కార్డు మీద వర్క్‌షాపువాళ్లు ఆవిడకిచ్చిన నెంబరు చూసింది. మరుక్షణం మెట్లు దిగుతోంది. గుమాస్తా ఒక్కో మెట్టుకీ మోకాళ్లని బతిమాలుకుంటూ దిగాడు. ఆటోలో ఆవిడ సీటు అంచున కూర్చుని, డ్రైవరు కన్నా ముందే ప్రతి సిగ్నలూ చూస్తోంది.

వర్క్‌షాపుకి రాగానే చెక్కే యంత్రం దగ్గరికి వెళ్లింది. చిన్న తెర మీద అంకెలు వెనక్కి జరిపింది, ఆపింది, మళ్లీ జరిపింది.

"రాసుకోండి గుమాస్తాగారూ. నెంబరు రెండు వందల పద్ధెనిమిది. ఇప్పుడు అందర్నీ పిలవండి. మనకి ఆట్టే టైము లేదు."

* * *

నలుగురూ ముక్కాలిపీటల మీద కూర్చున్నారు. పాదరసం వాళ్ల మధ్య నడుస్తూ మొదలుపెట్టింది.

"ఈ పని ఆదివారం జరిగింది. చేసినవాళ్లకి మెకానిక్కు పెన్ డ్రైవూ చీటీ చాలు, పెద్ద చదువు అక్కర్లేదు. అయితే వాళ్లు ఒక పని ఎక్కువ చేశారు. తారీఖూ టైమూ సరిపెట్టారు. మెకానిక్కు ఆ పని ఎక్కడా చెయ్యడు. ఈ కంప్యూటర్‌తో రోజూ పనిచేసి, పాత తారీఖు కనబడితే చెయ్యి ఊరుకోనివాళ్లే చేస్తారు. అంటే తాళంచెవులున్న ముగ్గురిలో ఒకరు."

మెకానిక్కు పీట ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"కంప్యూటర్ టైము పన్నెండు నిమిషాలు ముందుంది. మాస్టారు ఫోను చూసి పెడతారు. ఫోన్లో టైము తప్పదు. మరిదిగారి చేతికీ గడియారం లేదు, ఆయనదీ ఫోనే. ఈ గదిలో గోడ గడియారం లేదు. గుమాస్తాగారూ, పొద్దున అమ్మగారు 'పదకొండున్నర' అని లేచినప్పుడు మీ రిజిస్టర్లో ఎంత రాసుకున్నారు?"

గుమాస్తా పేజీ తిప్పాడు. తను రాసుకున్నదే, తన కళ్ల ముందున్నదే. "పదకొండూ పద్ధెనిమిది మేడమ్."

అందరి చూపులూ యజమానురాలి మణికట్టు మీద పడ్డాయి.

"వదిన గడియారం ఎప్పుడూ ముందే ఉంటుంది," అన్నాడు మరిది నెమ్మదిగా. "పనివాళ్లు ఆలస్యం చేస్తారని తనే జరిపి పెట్టుకుంది. వదినా?"

ఆవిడ చీర చెంగు మణికట్టు మీదికి లాక్కుంది.

"ఒక్క ఎలుక కోసం ఇల్లంతా తగలబెట్టారు," అంది పాదరసం. "కాలు ఏ కొలతకి చేశారో తెలిపే ఫైలు శనివారం డాక్టరు అడిగారు. ఆ ఒక్కటే చెరిపితే వేలు మీ వైపు చూపిస్తుంది. మొత్తం తుడిచేస్తే మెకానిక్కు ఉన్నాడు. పోలీసుల్ని తప్పించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. కానీ చెక్కే యంత్రం సంగతి మరిచిపోయారు. దర్జీ ఆవిడది రెండు వందల పద్ధెనిమిదో నెంబరు. ఆ అచ్చు చెక్కింది ఒక్కసారే, అయిదో తారీఖున. మాస్టారూ, మీరు రెండోసారి కొలిచిందెప్పుడు?"

మాస్టారు పీట మీంచి లేచాడు. "అదే నెల ఇరవయ్యో తారీఖు... అంటే నేను కొలిచిన కొలతకి కాలే చెయ్యలేదా అమ్మా? కాలు సరైనదేనని డాక్టరు గారికి నేనే చెప్పానే! నా నోటితో నేనే చెప్పానే!"

అప్పుడు యజమానురాలికి మాట వచ్చింది. "అప్పటికే కాలు తయారై ఉంది మాస్టారూ. నలభై ఆరుగురు ఎదురుచూస్తున్నారు. మళ్లీ చెక్కాలంటే నాలుగు రోజులు. అంత తేడా ఏముంటుంది, మేజోడు ఇంకోటి తొడిగితే బిగుస్తుందిలే అనుకున్నాను. పుండు పడ్డాక... ఆ కాలు పిండి చేసేశాను. వర్క్‌షాపు మూసేస్తారని భయమేసింది. పుండు ఎలాగూ మానుతుంది కదా అనుకున్నాను."

"మానదు," అంది పాదరసం. మొదటిసారి ఆవిడ గొంతు పెరిగింది. "రేపు పొద్దున ఆవిడ మోకాలు తీసేస్తున్నారు. కాలు సరైనదని నమ్మి."

యజమానురాలు ఒక్క ఉదుటున లేచింది. "మోకాలా? నాకు చెప్పలేదే! ఫైలు కావాలన్నారంతే!" ఫోను అందుకుంది. నెంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. మరిది లాక్కుని నెంబరు కలిపి చేతికిచ్చాడు.

"డాక్టరుగారూ, ఆ కాలు వదులు. పాత కొలతకి చేసింది. నేనే చేశాను. తెలిసే ఇచ్చాను. దయచేసి రేపు కొయ్యకండి."

అవతలి మాటలు వినిపించలేదు. చివరికి ఆవిడ ఫోను దించింది.

"ఆపారు. ఒరుసుకునే పడ్డ పుండైతే నెల రోజులు కట్టు కట్టి చూస్తారట. ఇదంతా రాసి, సంతకం పెట్టి ఈ సాయంత్రమే తెమ్మన్నారు."

"రాయండి," అంది పాదరసం. "గుమాస్తాగారు కాగితం ఇస్తారు."

ఆ సాయంత్రం ఆస్పత్రిలో యజమానురాలు దర్జీ ఆవిడ మంచం దగ్గర నిలబడి అంతా చెప్పింది. దర్జీ ఆవిడ చేతిలో కుట్టు మడిచి పక్కన పెట్టింది.

"చొక్కా వదులైతే నేనైతే కుట్లు విప్పి మళ్లీ కుట్టిచ్చేదాన్నమ్మా," అంది. "అలవాటవుతుందిలే పొమ్మనేదాన్ని కాదు. రేపు కోత లేదన్నారు, అది చాలు. ఇంక ఇవాళ మీ మొహం చూడలేను. వెళ్లండి."

వర్క్‌షాపు మూతపడలేదు గానీ దాని బాధ్యత మాస్టారికీ మరిదికీ మారింది. నలభై ఆరుగుర్నీ మళ్లీ పిలిపించారు. యజమానురాలే ఒక్కొక్కరికీ జరిగింది చెప్పింది. కొందరు తిట్టారు, ఒకాయన కొలత ఇవ్వకుండానే లేచిపోయాడు. మాస్టారు కొలుస్తుంటే పక్కన కూర్చుని అంకెలు రాసే పని ఆవిడది.

దర్జీ ఆవిడ ఏడో వారంలో వచ్చింది. పుండు మానింది. ఆ రోజు తనతో ఎవరైనా ఉండాలని ఆవిడ కబురు పెట్టడంతో గుమాస్తా, పాదరసం కూడా వచ్చారు. మాస్టారు ఒకసారి కొలిచాడు, ఇంకోసారి కొలిచాడు. యజమానురాలు కలం పట్టుకుంది.

"ఆగండి," అంది దర్జీ ఆవిడ. సంచీలోంచి తన సొంత టేపు తీసి, కాలి చివర తనే చుట్టుకుని, కళ్లు దగ్గరగా పెట్టి చూసుకుంది. మాస్టారి అంకెకీ ఆవిడ అంకెకీ వెంట్రుకవాసి తేడా లేదు.

టేపు మడిచి సంచీలో పెట్టుకుని, యజమానురాలి వైపు తిరిగింది.

"ఇప్పుడు రాసుకోండి."